మేనమామ కత్తెర

తాడేపల్లిగూడెం,
24 జూన్ 2024.

అన్నయ్యకి,

గాయత్రి రాస్తున్నది. క్షేమమా అని అడగను. అడిగితే "ఇప్పటికి గుర్తొచ్చామా" అంటావు. నువ్వు అనకుండానే ఆ మాట నాకు ఇక్కడికి వినబడుతోంది.

కిందటి వారం ఫోన్ చేస్తే నువ్వు తీయలేదు. వదిన చేత చెప్పించావు, "ఆవిడ ఒకటి చెప్పి తర్వాత ఇంకొకటి అంటుంది. కావలసిందేదో కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపమను" అని. తోడబుట్టినదాన్ని, పంచాయతీ ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నట్టు పెట్టుకోవాలన్నమాట. సరే, పెట్టుకుంటున్నాను.

సంగతి ఇదీ. ఇందుజకి జుట్టు ఊడిపోతోంది. దువ్వెనకి నాలుగు వెంట్రుకలు రావడం కాదు. మార్చిలో జడ వేస్తుంటే చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర నున్నగా కనబడింది. పరీక్షలయ్యేసరికి నడినెత్తిన ఇంకొకటి. ఇప్పుడు మెడ పైన మరొకటి. అక్కడ చెయ్యి పెడితే అరచెయ్యి ముట్టుకున్నట్టే ఉంటుంది. పేనుకొరుకుడు అన్నారు ఇరుగుపొరుగువాళ్ళు. తలలో ఒక్క పేను లేని పిల్లకి అదెలా వచ్చిందో వాళ్ళే చెప్పాలి. మా ఆయనది ఉల్లిపాయల కమిషన్ కొట్టు కదా, ఇంట్లో ఉల్లికి కరువు లేదు. అత్తగారు పూటపూటా రసం తీసి రుద్దుతున్నారు. మంటకి పిల్ల గోడకేసి కాళ్ళు తంతుంది. క్లాసులో వాసన అని ఎవరూ పక్కన కూర్చోరు. అంటుకుంటుందేమోనని ఎవరో పిల్ల వాళ్ళ అమ్మ టీచరుతో అందట. ఎల్‌కేజీ నుంచీ మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల, ఇప్పుడు తొమ్మిదిలో ఆఖరి బెంచీలో ఒక్కతీ కూర్చుంటోంది.

అత్తగారూ, ఆవిడ అడిగిన పెద్దలూ కలిసి తేల్చింది ఏమిటంటే, పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు మేనమామ కత్తెర పడలేదు, ఆ లోపం ఇన్నాళ్ళకి బయటపడింది. మళ్ళీ చిన్నతిరుపతి వెళ్ళి, నువ్వు మొదటి కత్తెర వేసి, పిల్ల తలనీలాలు ఇస్తే తప్ప జుట్టు నిలవదట. ఆ రోజు కత్తెర ఎందుకు పడలేదో నేను చెప్పక్కర్లేదు. ముహూర్తానికి నువ్వు రాలేదు.

ఇది బతిమాలడం కాదు. మేనమామగా నువ్వు పడ్డ బాకీ. ఏ రోజు వస్తావో రాయి.

సంతకం పెట్టాను, చూసుకో.
గాయత్రి

*

ముదినేపల్లి,
3 జులై 2024.

శ్రీమతి గాయత్రి గారికి,

తాతారావు నమస్కరించి వ్రాయునది. తమరు పంపిన కాగితం అందింది. సంతకం సరిగ్గానే ఉంది. సరిగ్గా లేనిది అందులో ఒక మాట.

"ముహూర్తానికి నువ్వు రాలేదు" అన్నారు. ఆ రోజు తెల్లవారుజామున కరెంటు పోయి చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయి. చేప పైకొచ్చి నోళ్ళు తెరుస్తోంది. ఏడాది కష్టం కళ్ళ ముందు తేలిపోతుంటే, పనివాళ్ళకి అప్పజెప్పి, కాళ్ళకి బురద కడుక్కోకుండా కారెక్కాను. భీమడోలు నుంచి ఫోన్ చేసి చెప్పాను, వచ్చేస్తున్నాను, కాస్త ఆగండి అని. ఫోన్ ఎత్తింది తమరే. పట్టులంగా, వెండి పట్టీలు పళ్ళెంలో పెట్టుకుని కల్యాణకట్ట మెట్లెక్కేసరికి పిల్ల గుండుకి గంధం పూసి ఉంది. మీ అత్తగారు పదిమందిలో ఏమన్నారో గుర్తుందా? "చేపల వాళ్ళ టైమూ మన టైమూ ఒకటి కాదు కదండీ" అన్నారు. అందరూ నవ్వారు. తమరు నవ్వలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. పమిట సర్దుకుని పక్కకి చూశారు. నేను పదేళ్ళుగా మరిచిపోలేనిది ఆవిడ మాట కాదు, ఆ పమిట సర్దుకోవడం.

అప్పుడు అక్కర్లేని కత్తెర ఇప్పుడు మందైందా? పదమూడేళ్ళ ఆడపిల్లకి, తొమ్మిదో తరగతి చదివే పిల్లకి, గుండు గీయిస్తారా? మూడు చోట్ల జుట్టు లేదని ఉన్నదంతా తీసేస్తారా? నా కత్తెరకీ పిల్ల జబ్బుకీ ఏమిటి సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే. ఏలూరులో చర్మం డాక్టర్లు బోలెడంతమంది ఉన్నారు. బస్సెక్కితే గంట ప్రయాణం. అది మానేసి నా మీద పడ్డారు.

నేను కత్తెర పట్టను. ఇప్పుడే కాదు, ఎప్పుడూ పట్టను.

ఇట్లు,
చేపల తాతారావు

*

తాడేపల్లిగూడెం,
22 ఆగస్టు 2024.

తాతారావు గారికి,

మీరు నన్ను "గారు" అన్నారు కాబట్టి నేనూ అన్నాను. లెక్క సరిపోయింది. ఇక మామూలుగా మాట్లాడతాను.

బోడిగుండుకీ మోకాలికీ అని రాసేటప్పుడు నీ చెయ్యి ఆగలేదా అన్నయ్యా? పోస్ట్‌మాన్ కవరు ఇచ్చింది ఇందుజ చేతికి. మావయ్య దగ్గర్నుంచి అని సంబరంగా అదే విప్పింది. ఆ మాట దాకా వచ్చి కాగితం టీవీ మీద పెట్టేసి, అన్నం తినకుండా పడుకుంది. మిగతాది తర్వాత చదివిందో లేదో నాకు తెలియదు. సామెత చెప్పకపోతే నీకు ఉత్తరం పూర్తవదు.

ఏలూరు తీసుకెళ్ళాం. నీ సలహా మీద కాదు, నువ్వు రాయకముందే నంబరు తీసుకున్నాను. డాక్టరు చెప్పింది కూడా రాస్తాను, మళ్ళీ దాచానంటావు. పేలకీ దీనికీ సంబంధం లేదట, అంటుకునేది కాదట. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే తికమకపడి వెంట్రుకల కుదుళ్ళ మీద పడుతుందట. పిల్లల్లో చూస్తూనే ఉంటామన్నాడు. దానంతటది రావచ్చు, వచ్చింది మళ్ళీ ఊడనూవచ్చు, మాట ఇవ్వలేనన్నాడు. ఉల్లిపాయ వెంటనే ఆపమన్నాడు, చర్మం కమిలిపోయిందట. ఆ మచ్చల మీద చిన్న చిన్న సూదులు వేశాడు. పిల్ల నా వేళ్ళు విరిచేస్తుందేమో అనుకున్నాను. "మాట ఇవ్వలేని డాక్టరు దగ్గరికి మళ్ళీ ఎందుకు" అని అత్తగారు అన్నారు. ఇప్పుడు ఎడమ కనుబొమ్మ చివర కూడా ఊడింది. పెన్సిలుతో దిద్దుకుని స్కూలుకి వెళ్తే, మేకప్ అని కడిగించి పంపారు.

ఇక అసలు సంగతి. ఉండిలో పెదనాన్న మనవరాలి పెళ్ళిలో వదిన చేసిన పని నీకు తెలుసో లేదో. ఇందుజ నలుగురు పిల్లలతో కూర్చుంటే, సత్యవతి వదిన ఎక్కడినుంచో వచ్చి, తన భుజం మీది శాలువా తీసి దాని తల మీద కప్పి, చెయ్యి పట్టుకుని అక్కణ్ణుంచి లేపి వెనక వరసలోకి తీసుకుపోయింది. మీ వియ్యాలవారు చూస్తున్నారని సిగ్గేసిందా? నా కూతురు మీ కుటుంబానికి అంత తలవంపులైందా? పుండు మీద కారం చల్లడం మీ ఇద్దరూ పంచుకున్నట్టున్నారు. నువ్వు కాగితం మీద, ఆవిడ పెళ్ళిలో.

"ఎప్పుడూ పట్టను" అన్నావు. మేనకోడలు తలకి శాపం పెట్టావని నాకు అర్థమైంది.

ఇంతే.
గాయత్రి

*

ముదినేపల్లి,
19 సెప్టెంబర్ 2024.

గాయత్రీ,

ఈ నెల వరదకి కొల్లేరు మా మీదికొచ్చింది. గట్లు తెగి, చెరువులో చేపంతా పోయింది. ఎవరి వలలో పడిందో వాళ్ళ అదృష్టం. నీ ఉత్తరం వచ్చిన రోజు మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. పోస్ట్‌మాన్ ఆనంద్ పాల్ సంచీ నెత్తిన పెట్టుకుని, పంచె ఎగగట్టి తెచ్చిచ్చాడు, ఏ మంచి కబురో అనుకుని. విప్పితే అన్నీ తిట్లే. మూలిగే నక్క మీద తాటికాయంటే ఏమిటో తెలిసింది. ఇదుగో, ఇంకో సామెత. రాసుకో.

ముందు మీ వదిన సంగతి. ఫ్యాను గాలికి పిల్ల స్కార్ఫు జారిపోయింది. అది చూసుకోలేదు. పక్క వరసలో ముగ్గురు కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీస్తున్నారు. సత్యవతి చూసి శాలువా కప్పింది, పిల్లని అక్కణ్ణుంచి లేపింది, ఆ కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి ఫోన్లలోంచి ఆ ఫోటోలు చెరిపించేదాకా కదల్లేదు. నువ్వు ఆ సమయానికి వంటల దగ్గర ఎవరి నగలో చూస్తున్నావట. సిగ్గుపడాల్సింది నువ్వు గాని, మాకెందుకమ్మా!

బోడిగుండు మాట పిల్ల కంటపడుతుందని నేననుకోలేదు. నీకు రాసిన ఉత్తరం నువ్వు విప్పుకోవాలి. పెద్దవాళ్ళ కవర్లు పిల్లల చేతికిచ్చే ఇల్లు అది.

శాపం పెట్టానన్నావు. ఇది బాగా చదువుకో. నేను కత్తెర వేశాక జుట్టు వస్తే అది మీ అత్తగారి తెలివి. రాకపోతే నా చెయ్యి మంచిది కాదు. ఎటుపోయినా మొట్టికాయ నాకే. పదేళ్ళ కిందట నా చెయ్యి మీకు అక్కర్లేకపోయింది, ఇప్పుడు నేరం మోపడానికి కావలసి వచ్చింది. అంత తెలివితక్కువవాణ్ణి కాను.

ఆ సూదులు మాన్పించకు. మాట ఇవ్వలేనన్న డాక్టరే నిజం చెప్పేవాడు. గ్యారంటీ ఇచ్చి చేపపిల్లల సీడు అమ్మినవాళ్ళు నన్ను ఎలా ముంచారో మీ ఆయన్ని అడుగు, ఆయనకి అన్నీ తెలుసుగా. కొట్లో కుళ్ళిపోయిన ఉల్లిపాయలు మాత్రం చెత్తలో పారెయ్యమను, పిల్ల తల మీద కాదు.

తాతారావు

*

తాడేపల్లిగూడెం,
9 డిసెంబర్ 2024.

అన్నయ్యకి,

రెండోసారీ మూడోసారీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంట్లో యుద్ధం చేసి తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో ఉన్నంతసేపూ అత్తగారు ఫోన్ మీద ఫోన్. బయట వరండాలో నిలబడి ఆవిడకి జవాబు చెప్పేసరికి లోపల పిల్లకి సూదులు వేయడం అయిపోయేది. సెలవలకి మీ ఇంటికి పంపమని వదిన అడిగిందట, పంపను. మీ మాటలు నేర్చుకుని వస్తుంది.

వదిన మీద నేను రాసింది వెనక్కి తీసుకోను. ఫోటోల సంగతి అప్పుడే నాతో చెప్పొచ్చు. నగలు చూస్తున్నానని నీకు చెప్పిన నోటికి, "గాయత్రీ, ఇలా రా" అనడానికి ఏం అడ్డమొచ్చింది?

ఇప్పుడు కొత్తగా ఇంకొకటి మొదలైంది. ఆ నున్నటి చోట్ల తెల్లవెంట్రుకలు మొలుస్తున్నాయి. పండు ముసలమ్మకి ఉన్నట్టు తెల్లగా, నూగుగా. పదమూడేళ్ళ పిల్లకి! ఇది బొల్లిలోకి దిగుతుందని ఒకరు, ఒంట్లో రక్తం చచ్చిపోయిందని ఇంకొకరు. ఆ తెల్లవి ఉండగా ఇంట్లో మంచి జరగదు, వెంటనే తీయించెయ్యాలి అంటున్నారు అత్తగారు. ఇందుజ ఏదో చెప్పబోతే, పిల్లవి నీకేం తెలుసు అని కసురుకున్నారు.

అందుకే ఇన్నేళ్ళ మీద ఆవిడ దిగొచ్చారు. నువ్వు పదేళ్ళుగా కోరుకున్నది ఇదేగా, విను. వచ్చే ఆదివారం అత్తగారు స్వయంగా మీ గుమ్మంలోకి వస్తారు. పళ్ళెంలో బట్టలు పెట్టి, బొట్టు పెట్టి, ఆ రోజు అన్నది తప్పని మీ వీధిలో అందరూ వింటుండగా చెబుతారు. మాఘమాసంలో చిన్నతిరుపతి. నువ్వు కుర్చీలో కూర్చున్నాకే మంగలి కత్తి తీస్తాడు.

ఇంతకన్నా వంగితే నడుం విరుగుతుంది. ఇప్పుడూ కాదంటే మాత్రం, నేను చచ్చినా నువ్వు రానక్కర్లేదు.

గాయత్రి

*

ముదినేపల్లి,
17 డిసెంబర్ 2024.

చెల్లెమ్మ గాయత్రికి,

ఆదివారం మీ అత్తగారు వచ్చారు. అన్న ప్రకారం వచ్చారు. మాట మాటే. మా గుమ్మం ముందు ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, సొసైటీ ప్రెసిడెంటు కూడా ఉండగా, "తాతారావుగారూ, ఆ రోజు నోరు జారాను, మనసులో పెట్టుకోకండి" అన్నారు. ఆ వయసులో అంతమందిలో అనడం మామూలు సంగతి కాదు. పళ్ళెం అందుకున్నాను. సత్యవతి కాఫీ ఇచ్చింది. ఆవిడ తాగారు. పంచదార ఎక్కువైందన్నారు, అది వేరే సంగతి.

కాబట్టి నేను వస్తాను. కొన్ని విషయాలు ముందే చెబుతున్నాను, మళ్ళీ తేడాలు రాకూడదు. ఆ రోజు నవ్విన వాళ్ళందరినీ పిలవాలి, ఒక్కరు తక్కువైనా ఊరుకోను. నా కుర్చీ తూర్పు ముఖంగా ఉండాలి. వీడియో తీయించాలి. పిల్లకి పట్టుబట్టలు నేనే తెస్తాను. ఆ పాత పట్టులంగా ఇప్పటికీ బీరువాలోనే ఉంది గాని, అది ఇప్పుడు దానికి చేతికి కూడా పట్టదు.

పిల్ల జుట్టు గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. ఆడపిల్లల జుట్టు ఎంతలో పెరుగుతుంది! వేసవి సెలవలు దాటేసరికి భుజాల మీదికొస్తుంది. పెద్దవాళ్ళు ఊరికే పెట్టరు ఆచారాలు. ఆ తెల్లవి కూడా తీసేస్తే ఇంట్లో అందరికీ మనసు కుదుటపడుతుంది.

బావగారిని అడిగానని చెప్పు.

నీ అన్నయ్య,
తాతారావు

*

తాడేపల్లిగూడెం,
14 ఫిబ్రవరి 2025.

తాతారావుకి,

అన్నయ్య అనే మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆ రోజు నుంచీ మా అత్తగారు గదిలోంచి బయటికి రావడం లేదు. మా ఆయన కొట్టుకి వెళ్ళినా మార్కెట్లో ఎవరో ఒకరు అడుగుతున్నారట, "ఏమైందండీ, మీ బావమరిది మెట్లు దిగి వెళ్ళిపోయాడటగా" అని. ఏమని చెప్పాలి ఆయన?

నువ్వడిగిందల్లా చేశాం. నవ్విన వాళ్ళని వెతికి వెతికి పిలిచాం. వాళ్ళల్లో ఇద్దరు పోయారు, వాళ్ళ కొడుకుల్ని పిలిచాం. కుర్చీ తూర్పుకి వేశాం. పిల్ల తలారా స్నానం చేసి, మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని పీట మీద కూర్చుంది. నువ్వు కత్తెర తీసుకున్నావు. వంగి దాని నెత్తి దగ్గర ముఖం పెట్టావు. ఎంతసేపు చూశావో నాకు తెలియదు, వెంకటేశ్వరస్వామికి తెలుసు. తర్వాత నిటారుగా లేచి, కత్తెర పళ్ళెంలో టంగుమని పడేసి, "నా వల్ల కాదు" అని అందరికీ వినబడేలా అన్నావు. మెట్లు దిగి కారెక్కావు. వదిన నీ వెనకాల పరిగెత్తింది. వీడియో తీసేవాడు ఆపకుండా నీ కారు మలుపు తిరిగేదాకా తీశాడు.

ఎంత ఓపికగా దాచుకున్నావు ఆ పగ! ఆవిణ్ణి మీ ఇంటికి రప్పించుకుని, కాఫీ ఇచ్చి, నేనొస్తానని నమ్మించి, అదే మెట్ల మీద, అదే మనుషుల ముందు ఆ అవమానం తిరిగి అప్పజెప్పావు. చేపని పట్టేముందు మేత వేస్తావని తెలుసు గాని, చెల్లెలికి కూడా వేస్తావనుకోలేదు. పగ నా మీదా, మా అత్తగారి మీదా తీర్చుకోవలసింది. పిల్ల ఏం చేసింది? అందరూ లేచిపోయాక కూడా అది తువ్వాలు కప్పుకుని ఆ పీట మీదే కూర్చుంది. ఏడవను కూడా లేదు.

నువ్వు లేకపోతే పని ఆగదు. పెదనాన్న కొడుకు ప్రదీప్‌ని అడిగాను. వరసకి వాడూ మేనమామే. నెలాఖరుకి వాడి చేత కత్తెర వేయించి గుండు చేయిస్తాం. ఈ మాట నిన్ను పిలవడానికి కాదు, నువ్వు లేకుండా జరుగుతుందని తెలియడానికి రాస్తున్నాను.

ఇక ఉత్తరం రాయకు. వచ్చినా విప్పను.

గాయత్రి

*

ముదినేపల్లి,
18 ఫిబ్రవరి 2025.

గాయత్రికి,

విప్పుతావు. నీ సంగతి నాకు తెలుసు.

అవును, పగే. ఏమనుకుంటావో అనుకో. మీ అత్తగారితో కూడా అదే చెప్పు. చేపల వాళ్ళకి టైము తెలియకపోయినా జ్ఞాపకం ఉంటుందని చెప్పు. ఊళ్ళో ఎవరడిగినా, తాతారావు దుర్మార్గుడు, అవమానం చెయ్యడానికే వచ్చాడు అని చెప్పండి. నేను కాదనను.

అయితే ఒక్కటి. నిన్ను ఉద్దేశించి కాదు, పాపం ఆ ప్రదీప్ పిల్లలు గలవాడు కాబట్టి రాస్తున్నాను. మేనమామ చేతిలోంచి పళ్ళెంలో పడ్డ కత్తెర ఏడాది తిరిగేదాకా ఆ తల మీద పడకూడదు. మన నాయనమ్మ చెబుతుండేది. నువ్వు పుట్టేసరికే ఆవిడ పోయింది, నీకు తెలిసే అవకాశం లేదు. ఏడాది లోపల వేరే ఎవరైనా కత్తెర పట్టారో, ఆ దోషం పట్టినవాడి పిల్లల తలకి చుట్టుకుంటుంది. మంగలికి కూడా మంచిది కాదు. ఇది ప్రదీప్‌కి చదివి వినిపించు. మీ అత్తగారికి కూడా వినిపించు, ఆవిడ పెద్దావిడ, ఇలాంటివి ఆవిడకి తెలుస్తాయి. ఆ తర్వాత వాడు వస్తానంటే చేయించుకోండి, నాకేం?

ఏడాదయ్యాక మీ ఇష్టం. అప్పటిదాకా డాక్టరు దగ్గరికి తిప్పండి, ఊరికే కూర్చోకుండా.

నన్ను తిట్టడానికి ఇంకా మాటలు మిగిలి ఉంటే రాసి పంపు. వరద నీళ్ళు తీశాక చెరువు మళ్ళీ మొదలుపెట్టాను, పగలంతా గట్టు మీదే ఉంటున్నాను, చదువుకోవడానికి తీరిక ఉంది.

తాతారావు

*

తాడేపల్లిగూడెం,
9 మార్చి 2025.

మావయ్యగారికి,

ఇందుజ నమస్కారాలు. అమ్మకి తెలియకుండా రాయడం లేదు. రాస్తున్నానని చెప్పాను. "నీ ఇష్టం" అంది. అలా అందంటే కోపమని అర్థం.

ప్రదీప్ మావయ్య రాలేదు. మీ ఉత్తరం అమ్మ ఫోన్లో చదివి వినిపిస్తే, "నాకూ కూతురుంది అక్కా, వద్దులే" అన్నాడు. నాయనమ్మ కూడా, అవును, అలాంటిదేదో చిన్నప్పుడు విన్నాను అంది. అలాంటి ఆచారం ఏదీ లేదని నాకు తెలుసు. సత్యవతి అత్తయ్యకి ఫోన్ చేసి అడిగితే, నవ్వి ఫోన్ పెట్టేసింది. కాబట్టి ఏడాదిదాకా నాకు గుండు లేదు. థాంక్యూ మావయ్యా.

ఆ రోజు మీరు వంగినప్పుడు నేను మీ చెవిలో చెప్పింది ఎవరికీ చెప్పొద్దన్నాను కదా. ఈ తెల్లవి జబ్బు కాదు, కొత్త జుట్టు, డాక్టరుగారు చెప్పారు, మొదట తెల్లగా వచ్చి తర్వాత నల్లబడతాయట, రోజూ అద్దంలో చూసుకుంటున్నాను, వీటిని తియ్యొద్దు మావయ్యా అన్నాను. డాక్టరుగారు ఆ మాట చెప్పినప్పుడు అమ్మ బయట నాయనమ్మతో ఫోన్లో ఉంది. ఇంట్లో నేను చెబితే ఎవరూ వినలేదు. మీరు విన్నారు. నా పేరు రాకుండా నింద మీ మీద వేసుకున్నారు. అందరూ మిమ్మల్ని తిడుతుంటే నాకు అన్నం సయించలేదు. అందుకని మొన్న అమ్మకి మొత్తం చెప్పేశాను. నేనే వద్దన్నాను, మావయ్య పగ తీర్చుకోలేదు అన్నాను.

అమ్మ నమ్మలేదు. "ఎవరు నేర్పారు నీకు ఈ మాటలు? మీ అత్తయ్య ఫోన్ చేసిందా?" అంది. ఒట్టేశాను. అయినా నమ్మలేదు. నిన్ను అడ్డం పెట్టుకుని మంచివాడు అవ్వాలనుకుంటున్నాడు, వాడి బుద్ధి నాకు తెలియదా అంది. నాన్న మధ్యలో ఏదో అనబోయి కొట్టుకి వెళ్ళిపోయారు. నిజం చెబితే కూడా మీ ఇద్దరి గొడవలో కలిసిపోయింది. ఇక అమ్మతో దీని గురించి మాట్లాడను.

కానీ నేను ఈ ఉత్తరం రాస్తున్నది థాంక్యూ చెప్పడానికి ఒక్కటే కాదు. మీ మీద కూడా నాకు కోపంగా ఉంది.

మీ మొదటి ఉత్తరం నేను ఆ సామెత దగ్గర ఆపలేదు. రాత్రి మళ్ళీ తీసి చివరిదాకా చదివాను. పదమూడేళ్ళ పిల్లకి గుండు గీయిస్తారా అని రాశారు. మా ఇంట్లో గాని, స్కూల్లో గాని ఆ మాట అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. సామెతకి ఏడ్చినా, ఆ ఒక్క మాటకి మిమ్మల్ని క్షమించేశాను. ఎంతమంది ఏమన్నా, ముదినేపల్లిలో మావయ్య నా వైపు ఉన్నారు అనుకుని పడుకునేదాన్ని. తర్వాత నాయనమ్మ పళ్ళెం పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చింది. అంతే, మీరు సరే అనేశారు. ఆడపిల్లల జుట్టు ఎంతలో పెరుగుతుంది అని రాశారు. అదీ చదివాను. మీ కుర్చీ ఏ ముఖంగా ఉండాలో రాశారు, వీడియో గురించి రాశారు. నన్ను అడగమని మాత్రం ఎక్కడా రాయలేదు.

పీట మీద కూర్చున్నప్పుడు కూడా మీరు ఆగుతారని నాకు నమ్మకం లేదు. భయంతోనే చెప్పాను. చెప్పేటప్పుడు కత్తెర నా చెవికి చల్లగా తగులుతోంది.

నేను ఆ మాట చెప్పకపోయి ఉంటే మీరు కత్తిరించేసేవారు కదా?

జవాబు రాయండి. అమ్మకి కాదు, నాకు.

ఇందుజ